పొరుగువాని మాట నేర్చుకొనుట

ధ్యాన పాఠము: దానియేలు 1:3–17, అపొస్తలుల కార్యములు 14:8–18, 1 కొరింథీయులకు 14:6–12



గోదావరిఖనిలో బొగ్గుబాయి పనికి క్రొత్తగా చేరినవానిని మొదటి దినముననే లోపలికి దింపరు. గనుల పనివారికి 1966లో ఏర్పడిన వృత్తి శిక్షణ నియమములను బట్టి, వానిని ముందు శిక్షణ కేంద్రమునకు పంపుదురు. టోపీ దీపము ఎట్లు పెట్టుకొనవలెనో, ఏ గంటకు ఏ అర్థమో, గాలి చెడినప్పుడు ఏ దారిని బయటికి రావలెనో అక్కడ నేర్చుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా బాయి పైకప్పు మాటలాడు భాషను నేర్చుకొనును. అనుభవముగల సర్దారు పైకప్పును కర్రతోనో గడ్డపారతోనో తట్టి, చెవి యొగ్గి వినును. గట్టి కప్పు గణగణమని పలుకును. లోపల పొర విడిపోయిన కప్పు డొల్లగా, డప్పువలె పలుకును. ఆ రెండు ధ్వనుల భేదము తెలియనివాడు ఎంత బలవంతుడైనను, ఎంత ధైర్యవంతుడైనను తన ప్రాణమునకును తోటివారి ప్రాణములకును అపాయమే.

బొగ్గు త్రవ్వుటకే ఇంత శిక్షణ కావలసియుండగా, మనుష్యుని హృదయమునకు దేవుని మాట చేర్చు పనికి శిక్షణ అక్కరలేదా? మనుష్యుని హృదయమును తట్టి వినుటకు వాని భాష కావలెను. ఈ నెల మన పాఠము ఇదియే: సువార్త సేవకుని శిక్షణలో పొరుగువాని భాష నేర్చుకొనుటకు ఎట్టి స్థానమున్నది? ఆ పని మనవంటి గ్రామ సంఘములకు ఏమి చెప్పుచున్నది?

1. లేఖనములు ఏమి బోధించుచున్నవి?

మొదట దానియేలును చూతము. యెరూషలేమునుండి చెరగా కొనిపోబడిన యౌవనులను బబులోను రాజు మూడు సంవత్సరములు శిక్షణలో ఉంచెను. కల్దీయుల విద్యను, భాషను వారికి నేర్పించెను. దానియేలు ఆ భాషను త్రోసిపుచ్చలేదు. శత్రువుల భాషయని మూతి ముడుచుకొనలేదు, శ్రద్ధగా నేర్చుకొనెను. అయినను రాజు భోజనముచేత తన్ను అపవిత్రపరచుకొనకూడదని హృదయములో నిశ్చయించుకొనెను. నేర్చుకొనదగినదేదో, విడిచిపెట్టదగినదేదో అతనికి తెలిసెను. పరాయి భాష నేర్చినంత మాత్రమున విశ్వాసము పలుచబడదనుటకు అతడే సాక్షి. ఆ చదువునందు అతనికి తెలివి ననుగ్రహించినవాడు దేవుడేయని 17వ వచనము చెప్పుచున్నది. కాబట్టి పుస్తకము ముందర కూర్చుండి పడిన ప్రయాసయు దేవుని వరమే.

కొందరు, “పెంతెకొస్తు దినమున శిష్యులు నేర్చుకొనకయే అన్యభాషలతో మాటలాడిరి గదా, మనకు మాత్రము ఈ ప్రయాస ఏల?” అని అడుగుదురు. మంచి ప్రశ్నయే. దానికి జవాబు అపొస్తలుల కార్యముల 14వ అధ్యాయములో ఉన్నది. లుస్త్రలో పౌలు కుంటివానిని స్వస్థపరచినప్పుడు జనులు లుకయోనియ భాషలో కేకలు వేసిరి. బర్నబాను ఒక దేవతయనియు పౌలును మరియొక దేవతయనియు చెప్పుకొనిరి. పూజారి ఎడ్లను, పూదండలను తెచ్చి బలి అర్పింప సిద్ధపడెను. సంగతి తెలిసినప్పుడు అపొస్తలులు బట్టలు చించుకొని జనులలోనికి చొరబడిరి. ఎడ్లు వచ్చువరకు వారు ఊరకుండిన విధము చూడగా, ఆ జనుల కేకలు వారికి అర్థము కాలేదని తోచుచున్నది. పరిశుద్ధాత్మచేత నిండిన అపొస్తలుల యెదుటనే, భాష తెలియక, సువార్తకు బదులుగా విగ్రహారాధన జరుగబోయెను! పెంతెకొస్తు వరము ఒక గొప్ప సూచన. ప్రతి జాతికిని వారి వారి భాషలో తన మాట వినిపించుట దేవుని చిత్తమని అది తెలుపును. ఆ చిత్తమును నెరవేర్చుటకు మనము పడవలసిన శ్రమను అది కొట్టివేయదు.

మరియు పౌలు కొరింథీయులకు వ్రాయుచు, మాట అర్థము కానియెడల చెప్పువాడును వినువాడును ఒకరికొకరు పరదేశులగుదురని చెప్పెను. ఈ మాటను నిదానముగా ఆలోచింపుడి. వినువాడు మాత్రమే పరదేశి కాడు. ప్రసంగపీఠము మీద నిలిచినవాడును పరదేశియే.

2. దోర్నకల్లుకు వచ్చిన అరవ సేవకుడు

మన బొగ్గు ప్రాంతమునకు చాల దగ్గరగా దీనికి ఒక గొప్ప దృష్టాంతమున్నది. 1889లో ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు త్రవ్వుట ఆరంభమాయెను. ఆ బొగ్గు బండ్లు పెద్ద రైలుదారిని కలిసికొను జంక్షను దోర్నకల్లు. అప్పుడది నిజాము రాజ్యములోని చిన్న ఊరు. ఆ ఊరికి 1909లో వేదనాయకము సామువేలు అజరయ్య అను సేవకుడు కాపురము వచ్చెను.

ఆయన తెలుగువాడు కాడు. 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్విళై అను పల్లెలో ఒక గ్రామ పాదిరిగారికి కుమారుడుగా పుట్టెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా అనేక సంవత్సరములు పని చేసెను. 1903లో ఆయనయు మిత్రులును కలిసి తిరునెల్వేలి ఇండియను మిషనెరీ సంఘమును స్థాపించిరి. పరదేశపు సొమ్ము తీసికొనక, భారతీయులు ఇచ్చిన కానుకలతో, భారతీయులనే సేవకులుగా పంపవలెనని వారి ఏర్పాటు. ఆ సంఘము ఎంచుకొనిన పొలము దోర్నకల్లు ప్రాంతము. ఇతరులను పంపుచు తాను మద్రాసులో సుఖముగా నుండుట న్యాయము కాదని ఆయన మనస్సు చెప్పెను. ముప్పదియైదవ యేట గురుపట్టము పొంది, తానే బయలుదేరెను.

ముప్పదియైదేండ్ల వయస్సున, పేరు ప్రతిష్ఠలు పొందిన పిమ్మట, మరల అక్షరాభ్యాసము చేయవలసివచ్చెను! అరవము తెలుగు అక్కచెల్లెండ్రవంటి భాషలే గదా, కష్టమేమని మీరనవచ్చును. అక్కచెల్లెండ్ర పోలికయే చిక్కులు తెచ్చును. అరవ లిపిలో క, గ అను రెంటికిని ఒకే అక్షరము. ప, బ అను రెంటికిని ఒకే అక్షరము. మనకు ‘పాట’ వేరు, ‘బాట’ వేరు. అరవవాని చెవికి ఆ భేదము క్రొత్తగా నేర్చుకొనవలసినది. అరవములో ‘సొల్లు’ అనగా చెప్పు అని అర్థము. తెలుగులో సొల్లు అనగా ఏమో మీకు తెలియును. ఆ మాట పట్టుకొని ప్రసంగము చేసిన యెడల పిల్లలు నవ్వకుందురా? ఇట్టి చిక్కులన్నిటిని దాటి, అజరయ్యగారు తెలుగు నేర్చుకొని తెలుగులో బోధించెను. ఎద్దుబండి మీద పల్లె పల్లె తిరిగి, ఎక్కువగా మాల మాదిగ పేటలలో, చదువురాని కూలివారి నడుమ కూర్చుండి మాటలాడెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. అయినను ఆయన తన నివాసమును పెద్ద పట్టణమునకు మార్చుకొనలేదు. దోర్నకల్లులోనే యుండి, గ్రామ ఉపదేశకులకు, గురువులకు తెలుగులోనే శిక్షణ ఇప్పించెను. భర్తలతో కూడ భార్యలకును చదువు చెప్పించెను. ఉపదేశకుని ఇల్లే పల్లెకు మొదటి ప్రసంగమని ఆయన ఎరుగును. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటింపని యెడల నాకు శ్రమ అను 1 కొరింథీ 9:16 భావమును పలికించుట ఆయన అలవాటు. మన దేశపు కట్టడముల పోకడలను కలిపి కట్టించిన ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించునాటికి ఆ అధ్యక్ష మండలములో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. 1910లో ఎడింబరో పట్టణములో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనెరీలను ఒకటే కోరెను. మీరు ధనమును, దేహములను అర్పించితిరి, మాకు మీ స్నేహము కావలెను అను భావముతో మాటలాడెను. ఇతరులను ఏది అడిగెనో, తెలుగువారికి దానిని తాను ఇచ్చెను. భాష నేర్చుకొనుట స్నేహమునకు మొదటి మెట్టు. “నీ మాట విలువగలది, నీ యొద్ద నేను శిష్యుడనై కూర్చుందును” అని పొరుగువానితో చెప్పకయే చెప్పుట అది.

3. గురువైనవాడు శిష్యుడగుట

ఆయనకు నూరేండ్లకు ముందు, 1805లో, లండను మిషనెరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, అగస్టసు డెగ్రాంజెస్ అను ఇద్దరు యువకులు విశాఖపట్టణమునకు వచ్చిరి. తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగు చేయ పూనుకొనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి వారికి సహాయుడాయెను. అతని సహాయము లేనిదే వారి పని సాగెడిది కాదు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. ఇద్దరు కలిసి ఆరేండ్లు కూడ పూర్తిగా పని చేయలేదు. అయినను తరువాత వచ్చినవారు ఆ పనిని కొనసాగించిరి; ప్రిచెట్ అను సేవకుడు తెలుగు చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చాయెను. మనము నేడు చేతపట్టుకొను గ్రంథము వెనుక రెండు సమాధులును, ఒక తెలుగు పండితుని ఓర్పును ఉన్నవి.

అదే లండను సంఘమువారు 1807లో రాబర్టు మారిసన్ అను సేవకుని చీనాదేశపు కాంటను రేవునకు పంపిరి. చీనా భాష ఎట్టిదో చెప్పినయెడల మీరు ఆశ్చర్యపడుదురు. ఒకే మాటను స్వరము మార్చి పలికినయెడల అర్థమే మారును. ‘మా’ అను మాటను సమముగా సాగదీసిన తల్లి. పైకి ఎత్తిన జనపనార. దించి ఎత్తిన గుఱ్ఱము. గట్టిగా దించిన తిట్టుట. అక్షరములో, మనవలె యాబది అరువది కావు, వేలకొలది. అంతేగాక, పరదేశులకు తమ భాష నేర్పిన చీనావారికి ఆ దినములలో మరణశిక్షయే విధింపబడవచ్చును. అయినను ప్రాణమునకు తెగించి అతనికి నేర్పినవారుండిరి. ఏడేండ్ల ప్రయాసకు తరువాత, 1814లో, ఒక్కడు బాప్తిస్మము పొందెను. 1823 నాటికి మారిసన్, తోటి సేవకుడు మిల్నె చేసిన చీనా భాషాంతరము పూర్తిగా అచ్చాయెను. ఏడేండ్లకు ఒక్క ఆత్మ! మన సంఘ పెద్దలు ఏడు నెలలైనను అట్లు ఓర్చుకొందురా?

ఈ దినములలోని ఒక ఉదాహరణమును కూడ చెప్పెదము. అమెరికాలోని యూటా రాష్ట్రములో, ప్రోవో అను పట్టణములో మోర్మను మతసంఘమువారికి మిషనెరీ శిక్షణ కేంద్రమున్నది. అక్కడ 1961 నుండి బయలుదేరబోవు యౌవనులకు భాషలు నేర్పుచున్నారు. వారి బోధ మన బోధవంటిది కాదు. పరిశుద్ధ గ్రంథమునకు తోడుగా మోర్మను గ్రంథమును వారు లేఖనముగా ఎంచుదురు. త్రిత్వమును గూర్చి ప్రాచీన సంఘము ఒప్పుకొనిన విశ్వాస ప్రమాణములను అంగీకరింపరు. కనుక వారి సిద్ధాంతమును మనము స్వీకరింపము. అయినను వారి శ్రద్ధను చూడుడి. ఇరువది ఏండ్లు నిండని పిల్లలు చీనా భాష నేర్చుకొనుచు, మొదటి దినములనుండియే, వచ్చీరాని మాటలతోనే, ఆ భాషలో ప్రార్థన చేయుటకు పూనుకొందురు. తప్పులు పోయిన తరువాత మాటలాడుదమని కాచుకొనరు. తైవాను దీవికి 1956 నుండి వారి యౌవనులు ఇట్లు వెళ్లుచున్నారు. కుమారులు రెండేండ్లు, కుమార్తెలు పదునెనిమిది నెలలు సేవలో నుందురు. లూకా 16లో ప్రభువు అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని అన్యాయమును మెచ్చుకొనలేదు, ముందుచూపును చూపి మనలను సిగ్గుపరచెను. అట్లే, మన విశ్వాసము కానివారి శ్రద్ధయు మనలను ప్రశ్నించుచున్నది.

4. మన వీధిలోని పరదేశి

“ఇవన్నియు చీనాకు, సీమకు సంబంధించిన మాటలు, బాయి పని చేసికొని బ్రదుకు మాకు ఇందులో ఏమున్నది?” అని ఎవరైన అడుగవచ్చును. మన గోదావరిఖని వీధిని ఒకసారి చూడుడి. బాయిలు తెరిచిన నాటనుండి కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు పల్లెల నుండి, ఆంధ్ర సీమనుండి జనులు ఇక్కడికి వచ్చి చేరిరి. ఓపెన్‌కాస్టు గనులలో, విద్యుత్ కేంద్రములో, ఎరువుల కర్మాగారములో కాంట్రాక్టు పనికి ఉత్తర రాష్ట్రములనుండి కూలివారు వచ్చుచున్నారు. వారి ఇండ్లలో హిందీ, భోజపురి, ఒడియా మాటలు వినబడును. గోదావరి దాటి ఉత్తరమునకు పోయినయెడల గోండి, కొలామి మాటలాడు గూడెములు. దిగువకు భద్రాచలము వైపు పోయినయెడల కోయ గూడెములు. ఆ మూడును తెలుగునకు చుట్టములైన భాషలే. మనము సముద్రము దాటనక్కరలేదు. వంతెన దాటిన చాలును.

ఒక పరరాష్ట్రపు కూలివానికి గనిలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడియున్నాడనుకొనుడి. వాని తల్లి మూడు దినముల రైలు ప్రయాణము చేసి వచ్చినది. మనము పండ్లు తీసికొని వెళ్లితిమి. ఆమె ఏడ్చుచు ఏదో చెప్పుచున్నది. మనము తెలుగులో దీర్ఘముగా ప్రార్థించి, ఆమేను అని వచ్చితిమి. ఆమె మనకు పరదేశి, మనము ఆమెకు పరదేశులము. “అమ్మా, అన్నము తింటివా? నీ కుమారుని పేరేమి?” అను రెండు మాటలు ఆమె భాషలో వచ్చియుండినయెడల, ఆ రెండు మాటలే ఆ దినమున ఆమెకు ప్రసంగమై యుండును.

“వారు మన ఊరికి వచ్చిరి గనుక వారే తెలుగు నేర్చుకొందురు” అని కొందరందురు. నిజమే, పనికి కావలసినంత నేర్చుకొందురు. సర్దారు ఆజ్ఞను అర్థము చేసికొనుటకు ఆ తెలుగు చాలును. కాని దుఃఖమును, భయమును, పాపపు భారమును మనుష్యుడు తల్లి భాషలోనే చెప్పుకొనును. మరియొకరు, “తర్జుమా చేయువాడుండగా చాలదా?” అందురు. సభకు చాలును; మంచము ప్రక్కను కూర్చుండుటకు చాలదు.

ఒక హెచ్చరికయు కావలెను. లెక్కలు పెంచుకొనుటకు గాలముగా భాష నేర్చుకొనరాదు. వల వేయువాని మాట తీయగానుండినను, పక్షికి త్వరలోనే తెలియును. ఎదుటివాడు మన విశ్వాసమును అంగీకరించినను, అంగీకరింపకపోయినను, వాని భాష నేర్చుకొనుట వానిని దేవుని పోలికెలో చేయబడినవానిగా ఘనపరచుటయే. తన్ను తాను రిక్తునిగా చేసికొని మన మధ్యకు వచ్చిన ప్రభువు గలిలయ యాసతో మాటలాడు జాలరుల నడుమ నివసించెను. ఆయన శిష్యులకు ఇంతకంటె మంచి మాదిరి లేదు.

5. ఏమి చేయుదము?

మొదటిది: ప్రతి సంఘము తన చుట్టునున్న రెండు మైళ్లలో ఏయే భాషలు వినబడుచున్నవో వ్రాసికొనవలెను.

రెండవది: ఆ భాషలలో ఒకదానిని నేర్చుకొనుటకు ఇద్దరు యౌవనులను సంఘము ఏర్పరచవలెను. ఒక్కడైన విసుగు చెందును. ఇద్దరైన ఒకనినొకడు ప్రోత్సహింతురు. క్రాన్, డెగ్రాంజెస్ ఇద్దరుగానే వచ్చిరి గదా.

మూడవది: గురువును ఆ భాషవారిలోనే వెదకవలెను. కూలి ఇంటి తల్లియైనను, గూడెపు ముసలివాడైనను ఆనందరాయరు వంటివారే. వారి కాలమునకు తగిన గౌరవమును, కూలియు ఇయ్యవలెను.

నాలుగవది: దినమునకు పది మాటలు, వారమునకు ఒక దర్శనము. నేర్చిన మాటను ఆ వారమే ఒక మనుష్యునితో మాటలాడవలెను. నవ్వినయెడల వారితో కూడ నవ్వవలెను.

అయిదవది: సంఘము త్వరపడి ఫలము అడుగరాదు. మారిసన్ ఏడేండ్లను జ్ఞాపకముంచుకొనవలెను.

సహోదరులారా, బాయిలో కప్పును తట్టి చెవి యొగ్గువాడే తోటివారిని ఇంటికి క్షేమముగా చేర్చును. తట్టక నడుచువాడు ధైర్యవంతుడు కాడు, అజాగ్రత్తగలవాడు. మన చుట్టునున్న హృదయములను తట్టి వినుటకు ప్రభువు మనకు ఓర్పుగల చెవిని, నేర్చుకొను నాలుకను అనుగ్రహించును గాక.

కూటములలో ఆలోచింపదగిన ప్రశ్నలు

1. దానియేలు బబులోనులో దేనిని నేర్చుకొనెను? దేనిని విడిచిపెట్టెను? మనము పొరుగువానియొద్ద దేనిని నేర్చుకొనవచ్చును?

2. లుస్త్రలో భాష తెలియకపోవుటచేత ఎట్టి అపాయము కలిగెను? మన ప్రాంతములో అట్టి అపార్థములు ఎక్కడ కలుగుచున్నవి?

3. మన వీధిలో తెలుగు మాటలాడని కుటుంబము ఏది? వారి పిల్లల పేర్లు మనకు తెలియునా?

4. వారి భాషలో క్షేమసమాచారము అడుగుటకు కావలసిన మూడు మాటలను వచ్చు కూటమునకు నేర్చుకొని రండి.

ప్రార్థనాంశములు: పరాయి ఊళ్లలో బాయి పనులు చేయు కూలివారి కొరకును, వారి ఇంటివారి కొరకును, గోండి, కొలామి, కోయ భాషలలో సేవ చేయుచున్నవారి కొరకును, మన సంఘములలో నేర్చుకొనుటకు ముందుకు వచ్చు యౌవనుల కొరకును ప్రార్థింతము.